జింకకు బిస్కెట్టు, చరిత్రకు పెడముఖం

అండమాన్ వెళ్ళిన మా మేనల్లుడు ఈ వారం రాస్ ఐలాండ్ ఫోటోలు కుప్పగా పంపాడు. చాలావరకు జింకలే. మిగిలినవి నెమళ్ళు. కింద ఓ ముక్క కూడా రాశాడు: "జూ కంటే బాగుంది మామయ్యా, ఎక్కడా కటకటాలే లేవు!"

కటకటాలు లేవా! తెల్లదొరలు ఆ దీవి మీద కూర్చునే కదా అండమాన్ మొత్తానికీ కటకటాలు బిగించింది! 1858లో ఖైదీలను దింపి, వాళ్ళ చేతే అడవి కొట్టించి, చర్చి, బేకరీ, నాట్యశాల కట్టించుకున్నారు. 1941 భూకంపానికి గోడలు బీటలువారగానే మూటాముల్లె సర్దుకున్నారు. మరుసటేడు జపాన్ సైన్యం దిగింది. పడవ దిగగానే ఎదురయ్యే బంకరు వాళ్ళదే. నేను వెళ్ళిన రోజున దాన్ని ఆనుకుని ఒకావిడ చిప్స్ పొట్లం చించి, అరచేతిలో కాసిన్ని పోసుకుని పిలుస్తోంది. జింక అరచేతిని వదిలేసి పొట్లమే లాక్కుపోయింది. అందరూ చప్పట్లు. బంకరులోకి తొంగిచూసినవాడు ఒక్కడూ లేడు.

ఆ చుక్కల జింకలు అండమాన్‌వి కావు, దొరలు వేటకని తెచ్చి వదిలినవి. వేటాడే మృగం లేని దీవుల్లో అవి పెరిగిపోయి మొలకలన్నీ మేసేస్తున్నాయని జీవశాస్త్రవేత్తలు మొత్తుకుంటున్నారు. మనమేమో బిస్కెట్లు పెడుతున్నాం.

నా అసలు మంట వేరు. 1879 రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన మన్యం మనుషుల్ని చాలామందిని పంపింది అండమాన్‌కే. 2011 జనగణన ప్రకారం అక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. విశాఖ నుంచి ఓడెక్కి పోయేవాళ్ళకైనా ఈ మాట ఎవరు చెప్పారు? మన పిల్లలకు అల్లూరి తెలుసు, అంతకు నలభై ఏళ్ళ ముందు అదే కొండల్లోంచి సంకెళ్ళతో సముద్రం దాటినవాళ్ళు తెలియరు. 2018లో దీవికి నేతాజీ పేరు పెట్టారు, సంతోషం. ఆ ఖైదీల పేర్లు కూడా ఓ పలక మీద చెక్కితే రాయి అరిగిపోతుందా?

నేవీని మాత్రం ఏమీ అనను. 1979 నుంచి దీవి వాళ్ళ చేతిలో ఉండబట్టే అక్కడ ఇంకా రిసార్టు లేవలేదు. మన గోల్కొండ నయా ఖిల్లాకు ఆ పాటి దిక్కు కూడా లేదు. కుతుబ్‌షాహీల తోట ఉన్నచోట గోల్ఫ్ మైదానం పరిచారు. పురావస్తు శాఖ తవ్వి ఆనాటి నీటి కాలువలు బయటపెట్టింది కూడా. అభ్యంతరం చెప్పేవాళ్ళు చెబుతూనే ఉన్నారు, ఆడేవాళ్ళు ఆడుతూనే ఉన్నారు.