రోగి మంచముకడ మొదటి పాఠము

మా హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఇంటరు ముగించిన ఆడపిల్లలున్న యిండ్లయందు ఫిజిషియన్ అసిస్టెంటు చదువును గూర్చిన ప్రస్తావన వినవచ్చుచున్నది. వైద్యుని పర్యవేక్షణలో రోగి వృత్తాంతము నడిగి వ్రాసికొనుట, పరీక్షించుట, చికిత్సకు తోడ్పడుట వీరి పని. ఈ చదువునకు రుసుము కట్టుటకు ముందు పిల్ల కొంతకాలము రోగుల సేవలో నుండవలెనని మా యభిప్రాయము.

ఈ వృత్తి పుట్టుకయే యిందుకు సాక్ష్యము. 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున డాక్టరు యూజీన్ స్టెడ్ దీనిని ప్రారంభించినప్పుడు, తొలి విద్యార్థులు నలుగురును నౌకాదళమున రోగులకు పరిచర్య చేసి వచ్చినవారే. నేటికిని అచ్చటి పాఠశాలలు పెక్కు, రోగులకు స్వయముగా ఎన్ని గంటలు సేవ చేసితివని యడుగును. ఊరక నిలిచి చూచిన గంటలను వేరుగా లెక్కించును. మన దేశమున ఈ చదువును 1992లో చెన్నపట్టణమందు డాక్టరు కె. ఎం. చెరియన్ నెలకొల్పిరి. 2021 నాటి చట్టము ఈ వృత్తిని గుర్తించినది. ఇచ్చట సాధారణముగా జీవశాస్త్రముతో ఇంటరు చాలును. అనుభవము నడుగువారు తక్కువ. వారడుగకున్నను మనమే అడిగికొనవలెను.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పి, వైద్యునికి, ఔషధమునకు, రోగికి తోడు పరిచారకునికిని ఒక పాదమిచ్చెను. ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము పరిచారకుని గుణములు. మొదటిది పుస్తకమున కొంత దొరకును; తక్కినవి రోగికడనే తేలును. హిందూపురమున ముసలమ్మ తన బాధను కన్నడమున చెప్పుకొనును. ధర్మవరపు నేతగాడు మగ్గపు గుంటలో కూర్చుండి తెచ్చుకొన్న నడుమునొప్పిని "ఏమీ లేదమ్మా" యని దాచును. ఇట్టివారి నోట మాట రప్పించుట ఏ పాఠమును నేర్పదు. చీము, వాంతి చూచి యోర్వజాలని పిల్ల, రెండేండ్ల రుసుము చెల్లించిన పిదపకంటె రెండు నెలలలోనే ఆ సంగతి తెలిసికొనుట మేలు.

"మలమూత్రము లెత్తు పనికా పిల్లను పంపుట?" యని కొందరు తల్లులు మమ్మడిగిరి. పసిబిడ్డలకు మనము చేయునది అదియే గదా! అందు చిన్నతనము లేదు. భయపడవలసినది వేరొకటి కలదు: శిక్షణలేని పిల్లచేత సూదులు వేయించి, స్వల్ప జీతమునకు రాత్రింబవళ్లు పని గొను చోట్లు. అట్టి చోటికి పంపరాదు. హిందూపురము, పెనుకొండ ప్రభుత్వాసుపత్రులలోనో, ధర్మవరము చేరువనున్న బత్తలపల్లి ఆర్.డి.టి. ఆసుపత్రిలోనో అవకాశము కలదేమో పెద్దలే పోయి విచారింపవలెను. ఎవరి పర్యవేక్షణలో, ఏ వేళలలో, ఏ పనులు చేయవలెనో ముందే తెలిసికొనవలెను. ప్రథమచికిత్స నేర్పించి పంపుట మంచిది. పిల్ల యొక పుస్తకమున తేదీ, గంటలు, చేసిన పని వ్రాసి, పై నర్సుగారి సంతకము తీసికొనవలెను. రోగుల పేర్లు మాత్రము వ్రాయరాదు.

ఆ పుస్తకము కొంత నిండిన తరువాత, దరఖాస్తు పెట్టుదువా యని పిల్లనే యడుగుడు. అప్పుడామె చెప్పు మాటను నమ్మి రుసుము కట్టవచ్చును.