మునిగిన ఊళ్లకు తపాలా చిరునామా ఏదీ?

బెల్లంకొండ: కృష్ణ ఒడ్డున ఊళ్లు నీటిపాలు కావడం పల్నాటికి కొత్త కాదు. 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కింద నాగార్జునకొండ లోయ అంతా అడుగుకు పోయింది. 2013 డిసెంబరు 7న జాతికి అంకితమైన పులిచింతల జలాశయం కొల్లూరును, పులిచింతలను, కేతవరాన్ని ముంచింది. సాగర్ కుడికాలువ పల్నాటి పొలాలకైనా తడి ఇచ్చింది. పులిచింతలలో నిలిచే 45 టి.ఎం.సి.ల పైచిలుకు నీరు ముఖ్యంగా కృష్ణా డెల్టాకు. ముంపు ఇక్కడ, పంట అక్కడ.

ఇంటికి, పొలానికి, చెట్టుకు, బావికి లెక్క గట్టారు. చిరునామాకు మాత్రం ఎవరూ లెక్క గట్టలేదు.

చిన్న ఊళ్లలో సాధారణంగా ఉండేది బ్రాంచి పోస్టాఫీసు. దానికి ప్రభుత్వ భవనం ఉండదు. ఆఫీసుకు చోటు బ్రాంచి పోస్టుమాస్టరే చూపాలి. కనుక వసారాలో ఒక బల్ల, చిన్న కాటా, ఊరిపేరు చెక్కిన తేదీ ముద్ర, గోడకు ఎర్రడబ్బా - ఇంతే ఆఫీసు. ఇల్లు పోతే ఆఫీసు పోయినట్లే. పట్టణంలో పోస్టాఫీసు ఎత్తివేస్తే జనం గగ్గోలు పెడతారు. ఊరే లేచి పోతుంటే పోస్టాఫీసు సంగతి అడిగే తీరిక ఎవరికి?

పిన్‌కోడు చూసినా ఈ సంగతి బయటపడదు. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల పద్ధతిలో బ్రాంచి ఆఫీసుకు సొంత నెంబరు లేదు, పైనున్న సబ్ ఆఫీసు నెంబరే దానికీ చెల్లుతుంది. బ్రాంచి మాయమైనా అంకె మారదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడూ అంతే. గుంటూరు జిల్లా అని రాసుకునే చోట పల్నాడు జిల్లా అని రాయవలసి వచ్చింది, పిన్‌కోడు పాతదే నిలిచింది.

పేరు మీద మమకారంతో అనే మాట కాదిది. ఉత్తరాలు తగ్గిన మాట నిజమే. 2013 జులైలో టెలిగ్రాం ఆగింది. 2025లో రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు. అయినా కోర్టు నోటీసు, బ్యాంకు కాగితం, ఉద్యోగ పిలుపు నేటికీ చిరునామా వెతుక్కుంటూనే వస్తాయి. పాత పాసుపుస్తకంలో, స్కూలు సర్టిఫికెట్టులో, బీమా పాలసీలో ఉన్నది మునిగిన ఊరు. మనిషి ఉన్నది పునరావాస కాలనీలో. పోస్టుమాన్ ముఖం ఎరిగినవాడైతే కవరు చేరుతుంది. కొత్తగా వచ్చినవాడైతే పంపినవారికే తిరిగిపోతుంది. అది భూమి తగాదా నోటీసైతే వాయిదా తేదీ ఎవరి కోసమూ ఆగదు.

కొల్లూరు కథ ఇంకా విచిత్రం. 17వ శతాబ్దంలో వజ్రపు గనులు చూడవచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నట్లు రాశాడు. కోహినూరు దొరికింది అక్కడేనని ప్రతీతి. గనులు ఉడిగాక అంత జనం చెదిరి చివరకు చిన్న పల్లె మిగిలింది. ఆ మిగిలినదాన్ని కూడా నీరు తీసుకున్నది. ప్రపంచమంతా పేరెరిగిన ఊరికి నేడు కవరు రాస్తే నీటి మీద రాసినట్లే.

పేరు నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. సాగర్ కట్టేటప్పుడు లోయలో మునిగిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి పేరును డ్యాము పక్కన వెలసిన కాలనీలకు పెట్టారు. మాచర్ల వైపున్న విజయపురి సౌత్ పేరుతో నేటికీ ఉత్తరాలు బట్వాడా అవుతున్నాయి. పదిహేడు వందల ఏళ్లనాటి రాజధానికి దక్కిన ఈ మర్యాద నిన్నమొన్న మునిగిన కేతవరానికీ దక్కవచ్చు. దానికి కావలసింది పునరావాస కాలనీలో ఒక బ్రాంచి ఆఫీసు, పాత ఊరిపేరుతో ఒక తేదీ ముద్ర. పాత చిరునామాతో వచ్చే టపాను ఏ కాలనీకి పంపాలో తెలిపే జాబితా ఒకటి రెవెన్యూ, తపాలా శాఖలు కూర్చుని తయారుచేస్తే సబ్ ఆఫీసు గోడకు అంటించవచ్చు.