డాలస్ మనవడు, చెరువు గట్టు పిల్లవాడు

గుడివాడ నుంచి పామర్రు వెళ్లే దారిలో ఏ ఊళ్లో ఆగినా ఇలాంటి మేడ ఒకటి కనబడుతుంది. గ్రానైటు మెట్లు, వరండాలో ఉయ్యాల బల్ల, పై అంతస్తుకు తాళం. కింద ఉండేది ఇద్దరు, చాలా చోట్ల ఒక్కరే. ఆదివారం సాయంత్రం ఏడింటికి వీడియో కాల్ వస్తుంది. డాలస్‌లో వేసవైతే అప్పుడు పొద్దున ఎనిమిదిన్నర. ‘ఏం తిన్నావు నాన్నా?’ అని నాయనమ్మ అడుగుతుంది. మనవడు ‘పాన్‌కేక్స్’ అంటాడు. కోడలు పక్కనుంచి అందుకుని, ‘అట్లు తిన్నాడు అత్తయ్యా’ అని చెబుతుంది.

బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మీదకు వెళ్తే ఇంకో సంభాషణ వినబడుతుంది. ఒడిశా నుంచి మేత వేసే పనికి వచ్చిన తండ్రి కిరాణా కొట్టు ముందు నిలబడి తన భాషలో ఏదో చెబుతాడు. పక్కనున్న ఎనిమిదేళ్ల కొడుకు కొట్టు యజమాని వైపు తిరిగి, ‘అర కేజీ కందిపప్పు, ఒక కొబ్బరినూనె సీసా అంట’ అంటాడు. ఆ ‘అంట’ ఏ బడిలోనూ నేర్పింది కాదు. గట్ల మీద తిరుగుతూ వాడంతట వాడే పట్టేశాడు.

ఒక పిల్లవాడికి తెలుగు జారిపోతోంది, ఇంకొకడి నోట నిలబడుతోంది. దివిసీమ నుంచి గుడివాడ దాకా పిల్లల జనాభా ఎలా మారుతోందో తెలియాలంటే ఈ ఇద్దరినీ కలిపి చూడాలి.

పోవడం ఈ నేలకు కొత్త కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువ నీళ్లు పారాక ఇక్కడి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ డబ్బుతోనే తర్వాతి తరాలు నిజామాబాద్ వైపు, తుంగభద్ర ఆయకట్టు వైపు వెళ్లి భూములు కొన్నాయి. సింధనూరు, గంగావతి చుట్టుపక్కల తెలుగు ‘క్యాంపులు’ అలా వెలిసినవే. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చాక డాక్టర్లు, ఇంజినీర్లు ఆ దారి పట్టారు. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ కాలిబాట రహదారి అయింది. క్యాంపుకు పోయినవాడు సంక్రాంతికి పిల్లలతో వచ్చేవాడు. అమెరికా పోయినవాడికి వీసా స్టాంపింగ్ భయం. రెండేళ్లకోసారి వస్తే గొప్ప.

మచిలీపట్నం జనాభా 2001లో లక్షా ఎనభై వేలకు అటూ ఇటూగా ఉండేది. 2011 నాటికి లక్షా డెబ్బై వేలకు దిగింది. ఆ పదేళ్లలో దేశం 17.7 శాతం పెరిగితే ఉమ్మడి కృష్ణా జిల్లా పెరిగింది 7.87 శాతమే. దీనికి వలస ఒక్కటే కారణం కాదు, కాన్పులూ తగ్గాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ఒకప్పుడు ఇద్దరు చాలన్న ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది.

ఇక్కడ తగ్గింది అక్కడ కనబడుతోంది. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారు. ఏ భాషా అంత వేగంగా పెరగలేదు. డాలస్ పక్కన ఫ్రిస్కో బడుల్లో ఆసియా మూలాల పిల్లలే ఇప్పుడు అతిపెద్ద వర్గం. వాళ్లకు తెలుగు నేర్పడానికి సిలికానాంధ్ర 2007లో ‘మనబడి’ పెట్టింది. ఆ సంస్థే కూచిపూడిలో ఆసుపత్రి కట్టింది. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను 1975లో ముందుండి నడిపించిన మండలి వెంకట కృష్ణారావు దివిసీమ మనిషి. దూరాన ఉన్న తెలుగు పిల్లల గురించి ఈ ప్రాంతం పట్టించుకోలేదని ఎవరూ అనలేరు.

పట్టించుకోనిది దగ్గరున్న పిల్లలను.

రొయ్యల చెరువుల్లో ఒడిశా కుటుంబాలు ఉంటున్నాయి. ఊడ్పులకు బెంగాల్, బిహార్ ముఠాలు వస్తున్నాయి. ఇటుక బట్టీలకు బలంగీర్, నువాపడా వైపు నుంచి ఇల్లిల్లూ పిల్లాపాపలతో కదిలి వస్తుంది. వీరితో పాటు మన యానాదులు. నాగాయలంక, కోడూరు ప్రాంతంలో ఎండ్రకాయలు పట్టుకుంటూ, చెరువులకు కాపలా ఉంటూ, కాపలా మారినప్పుడల్లా షెడ్డు మారే కుటుంబాలవి. ఆ షెడ్డు ఊరికి కిలోమీటరు అవతల, ఏరియేటర్ల మోత మధ్య ఉంటుంది. జూన్‌లో పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగే టీచరమ్మ నడక ఊరి చివరి ఇంటి దగ్గరే ఆగిపోతుంది. తప్పు ఆమెది కాదు. ఆమె చేతిలోని జాబితాలో ఆ షెడ్డు లేదు.

పిల్లలు లేక బడి మూతపడుతోందని అరుగు మీద బాధపడే పెద్దమనిషే, చెరువు మీద పిల్లల మాటెత్తితే, ‘వాళ్లు ఒరిస్సా వాళ్లండీ, ఇవాళ ఉంటారు రేపు పోతారు’ అంటాడు. ఆ మాట చట్టం ముందు నిలవదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లవాడినీ వెనక్కి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనుకబడిన చదువు అందుకునేందుకు విడిగా నేర్పాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. ఇంత స్పష్టంగా ఉన్నా ఆధార్ దగ్గరో, సచివాలయం మ్యాపింగ్ దగ్గరో పని ఆగుతుంది. రోజు కూలీ పోగొట్టుకుని తండ్రి మూడోసారి రాడు.

టెక్సస్ సంగతి ఒకసారి చూడండి. పత్రాలు లేని వలస పిల్లలకు బడి ఇవ్వనక్కర్లేదని ఆ రాష్ట్రం 1975లో చట్టం చేస్తే, 1982లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తల్లిదండ్రులు ఎలా వచ్చారన్నది పిల్లల చదువుకు అడ్డు కాకూడదని తేల్చింది. మన మనవలు పలక పట్టింది ఆ రాష్ట్రంలోనే. ఇంగ్లిష్ రాని పిల్లవాడికి అక్కడి బడి విడిగా భాష నేర్పుతుంది. గుడివాడ తాతయ్య ఆ ముచ్చట గర్వంగా చెప్పుకుంటాడు. ఆ ఏర్పాటే బంటుమిల్లిలో ఒడియా పిల్లవాడికి ఉండాలి. వాడికి తెలుగు మాట ఎలాగూ వచ్చేసింది, అక్షరాలే తక్కువ. పిల్లలు చాలడం లేదని బడిని పక్క ఊరి బడిలో కలిపే ముందు, మండల విద్యాశాఖాధికారి ఒక్క రోజు ఆ ఊరి చెరువు గట్లన్నీ తిరిగి రావాలి. అక్కడ దొరికిన పిల్లలను కూడా కలిపాకే ఆ బడి లెక్క తేల్చాలి.

రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అప్పటికి బట్టీలు మంచి పని మీద ఉంటాయి. జనగణన మనిషిని స్వస్థలంలో వెతకదు, ఆ రోజుల్లో ఎక్కడ ఉంటే అక్కడే లెక్కిస్తుంది. డాలస్ మనవడు ఆ లెక్కలోకి రాడు. గట్టు మీద పిల్లవాడు రావాలి. ఊళ్లో లెక్క రాసుకోవడానికి వచ్చినవారికి చెరువు షెడ్డు దాకా దారి చూపించండి.