సూది రోజు

మా బాగేపల్లి మనవడికి 7 ఏళ్లు. రోగాలను అడ్డుకునే యాంటీబాడీలు వాడి ఒంట్లో తయారుకావు. 1952లో అమెరికా వైద్యుడు బ్రూటన్ కనిపెట్టిన లోపమిది. 1000 మందికి పైగా దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను నరానికి ఎక్కించాలి. దాదాపు 3 వారాలకే సగం తరిగిపోతుంది గనుక, నెలనెలా బెంగళూరు బస్సెక్కక తప్పదు.

మొదటిసారి "నొప్పి ఉండదు నాయనా" అన్నాను. సూది దిగాక "అబద్ధం చెప్తివే అవ్వా!" అన్నాడు. మరుసటి నెల చిక్కబళ్లాపురం దాటేదాకా నాతో మాట్లాడలేదు.

అమ్మలూ, ఇప్పుడు ఉన్నదున్నట్టే చెబుతున్నాను. ముందురోజు నుంచీ నీళ్లు బాగా తాగిస్తాము, నరం తేలిగ్గా దొరుకుతుంది. డాక్టరుగారిని అడిగితే తిమ్మిరెక్కించే క్రీము గంట ముందు రాయించారు. ఏ చేతికో వాడే చెబుతాడు. తర్వాత గంటల తరబడి కూర్చోవాలి. చింతామణి పెద్దమ్మ ఇచ్చిన వేరుశనగ ఉండలు అప్పటికే సగం ఖాళీ!

మొన్న పక్క మంచంలో కొత్తగా వచ్చిన పాప ఏడుస్తుంటే, "నొప్పుంటాది. మళ్లా పోతాది" అని వాడే చెప్పాడు.