చెట్టును డ్రోన్ చూస్తుంది, మట్టిని ఎవరు చూస్తారు?

నగరాల్లో చెట్లను డ్రోన్లతో, శాటిలైట్లతో ఎలా లెక్కిస్తున్నారో పై వీడియోలో చూశారు కదా. పొలం చేసుకునే మనకు దీంతో పనేంటి అనుకోవద్దు, పనుంది.

టెక్నాలజీ మంచిదే. లైడార్ అనే లేజర్ పరికరంతో చెట్టు ఎత్తు, కొమ్మల విస్తారం కొలుస్తారు. సోనిక్ టోమోగ్రఫీ అని ఇంకొకటి ఉంది. మాను చుట్టూ సెన్సార్లు పెట్టి చిన్న సుత్తితో తడతారు, శబ్దం ప్రయాణించే వేగాన్ని బట్టి లోపల పుచ్చిందా, గట్టిగా ఉందా తెలిసిపోతుంది. చెట్టును కోయక్కర్లేదు. గాలివానకు చెట్లు పడి మనుషులు పోతున్న నగరాలకు ఇది నిజంగా కావాలి.

నా బాధల్లా ఒక్కటే. ఇవన్నీ నేలపైన ఉన్నదాన్నే చూస్తున్నాయి. మామూలు శాటిలైట్ ఫొటోలో వేప అయినా పచ్చనే, కోనోకార్పస్ అయినా పచ్చనే. ఆ కోనోకార్పస్‌ను ఎగబడి నాటారు, చివరికి గుజరాత్ 2023లో నిషేధమే పెట్టింది.

నగరంలో మాను మొదలు దాకా సిమెంటు పోస్తారు. వేరుకు నీటితో పాటు గాలి కూడా కావాలని, అదే వాఫస అని మనకు తెలుసు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని గ్రీన్ ట్రిబ్యునల్ 2013లోనే చెప్పాల్సి వచ్చింది! ఇక రాలిన ఆకులా, ఊడ్చి డంపింగ్ యార్డుకు పంపుతారు, లేకపోతే అగ్గి పెడతారు. చెత్త కాల్చకూడదని 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు, అయినా కాలుతూనే ఉంటుంది. మళ్ళీ అదే పార్కుకు ఎరువు బస్తాలు కొంటారు (ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు).

మియావాకి అడవులూ అంతే. జపాన్‌కు చెందిన ఆ శాస్త్రవేత్త ముందు నేలను సిద్ధం చేయమన్నాడు, స్థానిక జాతులే పెట్టమన్నాడు, పైన గడ్డి ఆచ్ఛాదన వేయమన్నాడు. మనవాళ్ళు చాలాచోట్ల దగ్గరగా నాటడం ఒక్కటే పట్టుకున్నారు.

నేననేది ఏంటంటే, డ్రోన్ సర్వే చేసిన ప్రతి పార్కులో చెట్టు కింద పారతో ఒక అడుగు తవ్వి వానపాములు లెక్కపెట్టాలి. అడుగు లేని డబ్బాను నేలలోకి దిగ్గొట్టి, చెంబెడు నీళ్ళు పోసి, ఎంతసేపటికి ఇంకుతాయో చూడాలి. ఖర్చు లేదు. ఎండుటాకులు కప్పిన మా తోటలో చిటికెలో ఇంకిపోతాయి. మీ టౌన్ పార్కులో చేసి చూడండి, ఎన్ని నిమిషాలు పట్టిందో కామెంట్‌లో రాయండి.