కొలతకు అందని నొప్పి

వికలాంగుల పింఛన్లపై 2025లో రాష్ట్రంలో తనిఖీలు జరిగాయి. వైకల్యం 40 శాతానికి తక్కువని తేలినవారికి ఆ ఏడాది ఆగస్టులో నోటీసులు అందాయి. పల్లెల్లో గగ్గోలు పుట్టింది. ఆ తర్వాత ప్రభుత్వం అప్పీలు చేసుకొనే అవకాశం ఇచ్చింది. దొంగ సర్టిఫికెట్లవారిని ఏరివేయటాన్ని ఎవరూ తప్పుపట్టరు. అనర్హుడు తీసుకొనే ప్రతి రూపాయీ అర్హుడి నోటి దగ్గర కూడే. కాని ఆ గలాటాలో ఒక వర్గం గోడు ఎవరికీ వినిపించలేదు. వారికి కాళ్లూ చేతులూ అన్నీ వున్నాయి. లేనిదల్లా పనిచేసే శక్తి. ఆ శక్తిని హరించింది ఏళ్ల తరబడి వదలని నొప్పి.

సదరం శిబిరంలో జరిగేది ఊళ్లవారికి తెలియనిది కాదు. తెల్లవారకముందే బయలుదేరి, బస్సు దిగి, వరుసలో నిలబడి వంతు వచ్చేసరికి ఏ మధ్యాహ్నమో అవుతుంది. డాక్టరు మోకాలు వంచి చూస్తాడు. చెయ్యి ఎత్తమంటాడు. కీలు ఎంతవరకు తిరుగుతున్నదీ, కండకు బలమెంత వున్నదీ కొలిచి అంకె వేస్తాడు. వంచినప్పుడు ప్రాణం పోయినంత పనైందన్న మాట ఆ అంకెలో చాలా తక్కువగా చేరుతుంది. పళ్లు బిగబట్టి డాక్టరు చెప్పినట్లు చెయ్యి ఎత్తి చూపిన అమాయకురాలికి శాతం మరీ తగ్గుతుంది. ఇందులో డాక్టరు తప్పు వెతకటం న్యాయం కాదు. ఆయన చేతిలో వున్న కొలబద్ద అటువంటిది.

ఆ కొలబద్ద సంగతి చూడండి. 2001లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలు నొప్పిని బొత్తిగా మరచిపోలేదు. నడుము డిస్కు జబ్బుకు వైద్యం చేయించుకొన్నా నొప్పి పోనివారికి 15 శాతం వేయమన్నాయి. నొప్పి, బిగుసుకుపోవటం రెండూ వుండి, బరువులెత్తే పనులన్నీ మార్చుకోవలసి వచ్చేవారికి 30 శాతం వేయమన్నాయి. పింఛనుకు కావలసింది 40. ఆ పదీ ఎక్కడినుంచి తేవాలి? కుర్చీలో కూర్చొని రాసుకొనే ఉద్యోగికి బరువెత్తే పని మానటం పెద్ద నష్టం కాకపోవచ్చు. బస్తా మోసి, గడ్డిమోపు ఎత్తి, పార పట్టి బతికే మనిషికి అది మొత్తం జీవనాధారం పోవటమే. ఇద్దరికీ కాగితం మీద పడేది ఒకటే అంకె. మార్గదర్శకాలు 2018లో, మళ్లీ 2024లో మారాయి. అయినా కీళ్ల కదలిక, కండబలమే నేటికీ ప్రధానమైన కొలతలు.

మన ప్రాంతానికి ఈ సమస్య మరీ దగ్గరిది. ఫ్లోరోసిస్ అనే జబ్బు మన దేశంలో వున్నదని 1937లో వైద్యులు లోకానికి చాటింది నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనే వుండేవి. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదన్నది దేశంలో అమలులో వున్న ప్రమాణం. మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి ముందు వచ్చేది నొప్పే. నడుము, మెడ, మోకాళ్లు సలుపుతాయి. పొద్దున లేచేసరికి కీళ్లు బిగుసుకుపోతాయి. ఎముక గట్టిపడి, వెన్ను వంగి, పక్కకు చూడాలంటే మనిషంతా తిరగవలసిన స్థితి ఎన్నో ఏళ్లకుగాని రాదు. అప్పుడు శాతం వస్తుంది. అంతదాకా గడిచిన సంవత్సరాలలో ఆ మనిషి కూలికి పోలేక, పింఛను రాక, నొప్పి బిళ్లలు మింగుతూ కాలం గడపాలి. ఆ బిళ్లలు అదేపనిగా వాడితే మూత్రపిండాలకు ముప్పని డాక్టర్లే చెబుతున్నారు.

నొప్పి కంటికి కనబడదు, ఎవరైనా నటించవచ్చునని అధికారులు వాదించవచ్చు. ఆ వాదన కొట్టిపారేయదగినది కాదు. నొప్పి అన్న ప్రతివారికీ పింఛను ఇమ్మని ఎవరూ అడగరు. కాని నటన ఒక్కరోజు సాగుతుంది. రెండు మూడేళ్ల ఆసుపత్రి చీట్లు, ఎక్స్‌రేలు, వాడిన మందులు, ఉపాధి హామీ పనికి వెళ్లిన దినాల లెక్క కలిసి నటించవు కదా! మూడు నెలలు దాటి వేధించే నొప్పిని ఒక జబ్బుగానే గుర్తిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో చోటిచ్చింది. 2022 నుంచి ఆ జాబితా అమలులోకి వచ్చింది. మన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొన్నది. సికిల్ సెల్ వంటి రక్తవ్యాధి అందులో వున్నది. ఆ జబ్బు మనిషిని పడగొట్టేదీ ముఖ్యంగా నొప్పితోనే. వదలని నొప్పి మాత్రం విడిగా ఆ జాబితాలో లేదు. మరే ఇతర వైకల్యాన్నయినా చేర్చే అధికారాన్ని ఆ చట్టమే కేంద్రానికి ఇచ్చింది. కొత్త చట్టం అవసరం లేదు. పార్లమెంటు సభ్యులు ఈ సంగతి ఢిల్లీలో కదపాలి.

రాష్ట్రం అంతవరకు చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. డయాలసిస్ రోగులకు, బోదకాలు బాధితులకు జబ్బును చూసే పింఛను ఇస్తున్నారు, 40 శాతం లెక్క చూసి కాదు. ఫ్లోరోసిస్ బాధితులకు, కీళ్లవాతంతో మంచానపడుతున్నవారికి ఆ పద్ధతి ఎందుకు వర్తింపజేయరాదు? వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలైంది. పెద్ద మొత్తమే కాబట్టి గట్టిగా పరీక్షించనివ్వండి. పరీక్షలో మనిషి చేసే పని కూడా లెక్కకు రావాలి.

బాధితులు చేయవలసిందీ కొంత వున్నది. ప్రైవేటు మందుల షాపులో బిళ్లలు కొనుక్కొని సరిపెట్టుకొంటే రేపు చూపటానికి ఆధారమంటూ మిగలదు. నెలకొకసారైనా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకొని, ఓపీ చీటీలు దాచుకోవాలి. ఎంతసేపు నిలబడగలరు, ఎంతదూరం నడవగలరు, ఏ పని మానుకొన్నారు అన్నది డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోవాలి. శిబిరానికి ఆ కట్టంతా వెంట తీసుకుపోవాలి. శాతం తక్కువ వేశారనుకొంటే అప్పీలు హక్కు 2016 చట్టంలోనే వున్నది. అయితే దేనిమీద అప్పీలు చేయాలో పేదవాడికి తెలియాలి గదా. ఏ కీలుకు ఎంత వేశారు, ఏది లెక్కలోకి తీసుకోలేదు అన్నది తెలుగులో నాలుగు ముక్కలు రాసి సర్టిఫికెట్‌తోపాటు చేతికిచ్చే ఏర్పాటును జిల్లా కలెక్టరు వచ్చే శిబిరం నుంచే చేయించవచ్చు. దానికి ఖర్చయ్యేది ఒక కాగితం.