నెలసరి సగటు చూపని నీటి లెక్క

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వర్షం నమోదైంది. అనంతపురం ప్రాంతంలో సంవత్సరమంతా కురిసే సగటు వాన కంటే ఇది ఎక్కువ. ఆ నెలాఖరుకు భద్రాచలం వద్ద గోదావరి 53 అడుగుల మూడవ ప్రమాద హెచ్చరికను దాటింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుంచి లభిస్తున్న రికార్డులలో దేశం మొత్తానికి అత్యంత పొడి ఆగస్టుగా మిగిలింది. కురవవలసిన 254.9 మి.మీ.కు బదులు 162.7 మి.మీ. మాత్రమే కురిసింది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఆ నెల వాన సగటు కన్నా చాలా తక్కువ. అయినప్పటికీ సీజను ముగిసేనాటికి తెలంగాణ 'సాధారణ' వర్షపాత వర్గంలోనే నిలిచింది.

ఈ 'సాధారణ' అన్న మాటకు వాతావరణ శాఖ ఇచ్చిన అర్థం స్పష్టమైనదే. దీర్ఘకాలిక సగటుకు 19 శాతం అటూ ఇటూగా ఉన్న వర్షపాతం సాధారణం. ఇబ్బంది నిర్వచనంలో లేదు, దానిని వాడే తీరులో ఉంది. నెలాఖరున వెలువడే నివేదికలలో వర్షపాతం ఒక గడిలో, జలాశయాల నిల్వ మరొక గడిలో, భూగర్భజల మట్టం ఇంకొక గడిలో, ప్రతి దానికీ ఎదురుగా ఒక శాతం కనిపిస్తాయి. మూడూ ఒకే నెల పరిస్థితిని చెబుతున్నట్లు చదివేవారికి అనిపిస్తుంది. వాస్తవానికి ఆ మూడు అంకెలు మూడు వేర్వేరు కాలాలకు చెందినవి.

మొదట వాన సంగతి. రాయలసీమలోని లోతు తక్కువ ఎర్ర నేలలు బాగా తడిసినప్పుడు సైతం పంటకు ఇవ్వగల తేమ సుమారు 50 నుంచి 60 మి.మీ. మాత్రమే. పూత దశలోని వేరుశనగ పైరు, ఎండ కాస్తే, రోజుకు 5 మి.మీ. వరకు వాడుకుంటుంది. అంటే పది పన్నెండు రోజులకు నిల్వ ఖాళీ. జులై మొదటి పక్షంలో విత్తిన పంటకు ఊడలు దిగే దశ సరిగ్గా ఆగస్టులోనే వస్తుంది. ఆ సమయంలో పైమన్ను గట్టిపడితే ఊడ భూమిలోకి దిగదు. సెప్టెంబరులో ఎంత వాన కురిసినా దిగని ఊడకు కాయ రాదు. సెప్టెంబరు వాన నెలల పట్టికలో లోటును పూడ్చగలదు గాని పైరులో పూడ్చలేదు. ఆ ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించవలసి వచ్చింది.

రైతులు వానను నెలలతో కాక కార్తెలతో లెక్కించడాన్ని పాతకాలపు అలవాటుగా చూసేవారున్నారు. కార్తె అంటే 13, 14 రోజులు. ఎర్ర నేలలోని తేమ నిలిచే వ్యవధికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనిస్తే ఆ లెక్కలోని విలువ తెలుస్తుంది. 2023 ఆగస్టు అంటే దాదాపుగా ఆశ్లేష, మఖ కార్తెలు. ఆ రెండూ వరుసగా వట్టిపోయాయన్న మాటలో పంటకు సంబంధించిన సమాచారం ఉంది. ఆ సీజను సాధారణమన్న మాటలో అది లేదు.

నదుల కాలం వేరు, స్థలం కూడా వేరు. కృష్ణలో నీరు ప్రధానంగా మహారాష్ట్ర, కర్ణాటకలలోని పడమటి కనుమల వానపై ఆధారపడుతుంది. అక్కడ కురిసిన నీరు పై జలాశయాలను నింపిన తరువాతనే జూరాల మీదుగా శ్రీశైలానికి చేరుతుంది. ఆ సంవత్సరం శ్రీశైలం 885 అడుగుల పూర్తి మట్టానికి చేరలేదు, నాగార్జునసాగర్ నిండలేదు. కొద్ది వారాల ముందు గోదావరి వరద ధవళేశ్వరం దాటి సముద్రంలో కలిసింది. రెండు నదుల నీటినీ కలిపి ఒక రాష్ట్ర శాతంగా చూపడం వల్ల కృష్ణా ఆయకట్టు రైతుకు గాని గోదావరి డెల్టా రైతుకు గాని ఒనగూరేది ఏమీ లేదు.

అన్నింటికన్నా నెమ్మదైనది భూగర్భజలం. అత్యధికంగా అపార్థానికి గురయ్యేదీ అదే. రెండు రాష్ట్రాలలో విస్తారంగా ఉన్న గ్రానైటు, నైస్ శిలల ప్రాంతాలలో కురిసిన వానలో సుమారు 11 శాతం మాత్రమే భూగర్భానికి చేరుతుందని దేశంలో అమలులో ఉన్న అంచనా పద్ధతి లెక్కిస్తుంది. శిథిల శిలలో నీరు నిలిచే ఖాళీ సుమారు 3 శాతం. కనుక 100 మి.మీ. వాన వల్ల చేరే 11 మి.మీ. నీరు బావిలో మట్టాన్ని దాదాపు 37 సెం.మీ. పెంచుతుంది. మట్టం రెండు మీటర్లు పెరిగిందన్న వార్త చదివి సంతోషించే ముందు, ఆ రెండు మీటర్లలో ఉన్నది 60 మి.మీ. నీరేనన్న సంగతి గుర్తించాలి. జులైలో నిండిన చెరువుల నుంచి ఇంకే నీరు బావులకు ఆలస్యంగా చేరుతుంది. అందువల్ల పైరు వాడిపోతున్న ఆగస్టులోనే ఆ బావులలో మట్టం పెరిగినట్లు నివేదిక చూపవచ్చు. అదే నెలలో ఖరీఫ్ పైరును కాపాడుకోవడానికి బోర్లు ముందుగానే ఆడటం మొదలైతే, దాని ఫలితం కనిపించేది రబీలో.

రబీలో బోరు కింద వేసే వరికి సుమారు 1200 మి.మీ. నీరు కావాలి. అందులో అయిదవ వంతు తిరిగి భూమిలోకి ఇంకుతుందనుకున్నా నికరంగా 960 మి.మీ. ఖర్చు. ఏటా 550 మి.మీ. వాన కురిసే చోట భూగర్భానికి చేరేది 60 మి.మీ. అంటే ఒక ఎకరం వరిని నిలపడానికి 16 ఎకరాల మీద కురిసిన వాన ఇంకాలి. వేరుశనగకైతే దానిలో సుమారు సగం చాలు. ఈ కూడిక తీసివేతకు పెద్ద పరిశోధన అవసరం లేదు. కాని నెలసరి నివేదికలలో ఇది ఎక్కడా కనిపించదు. లెక్క తెలియని రైతు మార్చిలో పొట్టదశలోని వరిని కాపాడుకోవడానికి అప్పు చేసి మరో బోరు వేయిస్తాడు. అది నీరు పడని బోరైతే పంట, పెట్టుబడి రెండూ పోతాయి.

నెలసరి సగటులను వదిలివేయాలని వాదించడం తొందరపాటు. నూరేళ్లకు పైబడిన పోలిక వాటి వల్లనే సాధ్యం, 2023 ఆగస్టు ప్రత్యేకత తెలిసిందీ వాటి వల్లనే. అయితే వాటి పక్కన వారాల వారీ వానను, వరుసగా గడిచిన పొడి రోజులను మండలం స్థాయిలో ప్రచురించడానికి అడ్డంకి ఏమిటో అర్థం కాదు. 2016 నాటి జాతీయ కరవు నిర్వహణ కరదీపిక వరుస వారాల బెట్టను ప్రమాణంగా తీసుకున్నది. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పొడి రోజుల లెక్క ఉన్నది. పరిహారం చెల్లించడానికి పనికివచ్చిన కొలత, నష్టం జరగకముందు సలహా ఇవ్వడానికి పనికిరాకపోవడం వింత.

భూగర్భజలం విషయంలో దారి ఇదివరకే వేసి ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాలలో నడిచిన పథకంలో రైతులే వానను రోజూ, బావుల మట్టాన్ని 15 రోజులకొకసారి కొలిచారు. రబీ ఆరంభంలో ఊరి నీటి లెక్కను అందరి ముందు వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. తమ చేతులతో కొలిచిన అంకె కనుక పలుచోట్ల వరిని తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. పథకం గడువు ముగిశాక ఆ కొలతలకు శాశ్వత స్థానం కల్పించకపోవడం విస్తరణ వ్యవస్థ లోపమే, అందులో విశ్వవిద్యాలయాల వాటా కూడా ఉంది.

ఇప్పుడు వర్షానంతర భూగర్భజల మట్టాన్ని నవంబరులో కొలుస్తున్నారు. ఆ కొలతలు క్రోడీకరించి పట్టికగా వెలువడేనాటికి చాలాచోట్ల బోర్ల కింద నారుమళ్లు పోయడం పూర్తవుతుంది. స్వయంచాలక పరికరాలు అమర్చిన పీజోమీటర్లు పనిచేస్తున్న మండలాలలోనైనా అక్టోబరు మూడవ వారపు మట్టాన్ని తీసుకొని, అది ఎన్ని ఎకరాల వరికి, ఎన్ని ఎకరాల ఆరుతడికి సరిపోతుందో లెక్కగట్టి, నెలాఖరులోగా రైతు సేవా కేంద్రాల గోడల మీద రాయించవచ్చు.